చేపల పొడితో ప్రపంచ ఆకలి తీరుతుందా? ప్రభుత్వ ప్రయత్నాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

1960ల్లో అమెరికా ప్రభుత్వం ఒక పొడి మీద చాలా ఆశలు పెట్టుకుంది. మార్కెట్లో ఎవరూ కొనని చేపల్ని పట్టుకొచ్చి, కొవ్వూ నీరూ తీసేసి, వాసన లేని పొడిగా మార్చి, దాన్ని పిండిలో కలిపి పేద దేశాల పిల్లలకు పెట్టొచ్చని అనుకుంది. అందుకోసం చట్టం చేసింది, ప్లాంటు కట్టింది, విదేశీ సాయం డబ్బుతో సరుకు ఆర్డర్ కూడా ఇచ్చింది. చట్టం వచ్చి ఆరేళ్లయినా నిండకముందే ఆ ప్లాంటు మూతపడింది.

ఈ కథ మొదటిసారి విన్నవాళ్లు దాదాపు అందరూ ఒకటే అడుగుతారు: "మంచి ఆలోచనే కదా, మరి ఎందుకు పోయింది?" దానికి ఒక్క ముక్కలో జవాబు దొరకదు. కొంత చట్టంలో ఉంది, కొంత రసాయనశాస్త్రంలో ఉంది, ఎక్కువ భాగం మాత్రం ఆకలిని ఎలా అర్థం చేసుకున్నారన్న దాంట్లో ఉంది.

అసలు ఈ పొడి ఏమిటి?

దీని పేరు ఫిష్ ప్రొటీన్ కాన్సన్‌ట్రేట్, పొట్టిగా ఎఫ్‌పీసీ. కొందరు చేప పిండి అని కూడా అనేవారు. చేపను తల, తోక, ఎముక, పేగులతో సహా మొత్తంగా యంత్రంలో నలగ్గొట్టి, సాల్వెంట్‌లో వేసి కడుగుతారు. సాల్వెంట్ చేపలోని నీటినీ కొవ్వునూ లాగేసుకుంటుంది. ఇలా రెండు మూడు సార్లు చేశాక మిగిలిన ముద్దను ఆరబెట్టి పొడి కొడతారు. అమెరికా ప్రభుత్వ ల్యాబ్ దీనికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడింది.

చేతికొచ్చే పొడిలో దాదాపు 80 శాతం ప్రొటీన్. మిగతాది చాలావరకు ఎముకల నుంచి వచ్చిన ఖనిజాలు. చేపలో ఎక్కువ భాగం నీరే కాబట్టి కిలో పొడికి ఐదారు కిలోల పచ్చి చేప కావాలి. కొవ్వు లేదు కాబట్టి కంపు పట్టదు, నీరు లేదు కాబట్టి కుళ్లదు. ఫ్రిజ్ లేని చోట నెలల తరబడి నిలవ ఉంటుంది. శాస్త్రవేత్తల్ని ముందుగా ఆకట్టుకున్నది ఈ గుణమే.

ఇంకో గుణం లైసిన్. ప్రొటీన్ కట్టడానికి కావలసిన అమినో ఆమ్లాల్లో ఇదొకటి. గోధుమలో, మొక్కజొన్నలో ఇది తక్కువ, చేపలో దండిగా ఉంటుంది. అందువల్ల గోధుమపిండిలో ఐదు నుంచి పది శాతం ఎఫ్‌పీసీ కలిపితే చాలు, ఆ పిండిలో ముందునుంచీ ఉన్న ప్రొటీన్ కూడా ఒంటికి మెరుగ్గా పడుతుంది. కాగితం మీద ఈ లెక్క చాలా అందంగా ఉంటుంది.

కోళ్లకు వేసే ఫిష్‌మీల్ కూడా ఇదే కదా?

దగ్గరి చుట్టం అనొచ్చు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ ఈ పొడుల్ని మూడు రకాలుగా విడదీసింది. 'ఏ' (A) రకంలో కొవ్వు 0.75 శాతం మించకూడదు, రుచీ వాసనా దాదాపు ఉండకూడదు. బీ రకంలో కొవ్వు 3 శాతం దాకా ఉండొచ్చు, చేప వాసన తెలుస్తుంది. సీ రకం అంటే శుభ్రమైన పద్ధతిలో తయారుచేసిన మామూలు ఫిష్‌మీలే. అమెరికా పట్టుబట్టింది మొదటిదైన 'ఏ' రకం మీద. అన్నిట్లోకీ ఖరీదైనదీ అదే.

ప్రభుత్వం ఇందులోకి ఎందుకు దిగింది? కంపెనీలు చేసుకునే పనే కదా?

నిజానికి ముందు మొదలుపెట్టింది కంపెనీయే. ఇలినాయ్ రాష్ట్రంలోని మాంటిసెల్లోలో వయోబిన్ అనే చిన్న సంస్థ ఉండేది. దాన్ని నడిపిన ఎజ్రా లెవిన్ 1950ల్లోనే ఇథిలీన్ డైక్లోరైడ్‌తో కొవ్వు తీసే పద్ధతిలో చేప పొడి తయారుచేశాడు. దాదాపు అదే కాలంలో యూనిసెఫ్ సాయంతో చిలీలోని కింటెరోలోనూ ఇలాంటి ప్రయత్నమే జరిగింది.

ప్రభుత్వం దిగడానికి మూడు దారులు వచ్చి ఒకచోట కలిశాయి.

మొదటిది వైద్యం. 1930ల్లో అప్పటి గోల్డ్ కోస్ట్‌లో, అంటే నేటి ఘనాలో, సిసిలీ విలియమ్స్ అనే డాక్టర్ ఒళ్లు వాచిపోయి, జుట్టు రంగు మారిపోయే పిల్లల జబ్బును గమనించి క్వాషియోర్కర్ అనే పేరుతో లోకానికి చెప్పారు. అక్కడి గా భాషలో ఆ మాటకు, తర్వాతి బిడ్డ పుట్టడంతో తల్లిపాలకు దూరమైన పిల్లకు వచ్చే జబ్బు అని అర్థం. ఇది ప్రొటీన్ లేకపోవడం వల్లే వస్తుందన్న నమ్మకం బలపడింది. ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాల్లో ప్రపంచ ఆకలి అంటే ప్రొటీన్ కొరతే అన్నంత దాకా వెళ్లింది వ్యవహారం. 1968లో ఐక్యరాజ్యసమితి తన నివేదికకు పెట్టుకున్న పేరులోనే "ముంచుకొస్తున్న ప్రొటీన్ సంక్షోభం" అనే మాట ఉంది.

రెండోది అమెరికా సొంత జాలరుల గోడు. న్యూ ఇంగ్లండ్ తీరంలో చేపల వ్యాపారం దెబ్బతింటోంది. కళ్ల ముందే సోవియట్ ట్రాలర్లు వచ్చి టన్నులకొద్దీ పట్టుకుపోతున్నాయి. అమెరికాలో ఎవరూ పెద్దగా కొనని హేక్ లాంటి చేపకు గిరాకీ తేవాలంటే దాన్ని పొడి చేయడం ఒక దారి.

మూడోది రాజకీయం. 1966లో అధ్యక్షుడు జాన్సన్ ప్రభుత్వం ఆకలి మీద యుద్ధం ప్రకటించింది. సముద్ర వనరుల మండలికి అధ్యక్షుడైన ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీకి "సముద్రం నుంచి ఆహారం" అన్న మాట బాగా నచ్చింది. ప్రచ్ఛన్న యుద్ధం రోజుల్లో పేద దేశాలకు తిండి పంపడం దయ ఒక్కటే కాదు, దౌత్యం కూడా.

ఈ మూడింటిలో ఏది ముందు, ఏది వెనక అని అడిగితే నేనైతే రెండోదానికే ఎక్కువ మార్కులు వేస్తాను. ఈ పొడి కోసం గొంతెత్తిన సెనేటర్లు ఎవరో చూడండి: చేపల రాష్ట్రాలైన మసాచుసెట్స్, వాషింగ్టన్, అలాస్కాల వాళ్లు, వాళ్లతో పాటు వయోబిన్ ఉన్న ఇలినాయ్ సెనేటర్ పాల్ డగ్లస్. ఆకలి బాధ నిజమే, దాన్ని కాదనను. కానీ బిల్లు నెగ్గాలంటే ఆకలి ఒక్కటే సరిపోదు.

ఎఫ్‌డీఏ ఎందుకు అడ్డుపడింది? పొడిలో విషం ఏమైనా ఉందా?

విషం కాదు, పేగులు. ఈ కథలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే భాగం ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

అమెరికాలో ఆహార పదార్థాలకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 1938 చట్టం ప్రకారం నడుస్తుంది. మలినం, కుళ్లినది, పాడైపోయినది ఏదైనా ఉంటే ఆ తిండి కల్తీ కిందికే వస్తుందని ఆ చట్టం చెబుతుంది. మలినం వల్ల హాని జరిగిందా లేదా అన్నది వేరే సంగతి. మొత్తం చేపను నలగ్గొడితే అందులో పేగులు, పేగుల్లో ఉన్నది, కళ్లు, తల అన్నీ కలుస్తాయి. ఎంత ఉడికించినా, ఎంత కడిగినా మలినం మలినమే అన్నది ఎఫ్‌డీఏ వాదన. అందుకని 1962లో, తల, తోక, పేగులు తీసి శుభ్రం చేసిన చేపతో చేస్తేనే అది మనుషులు తినే చేప పొడి అని నిబంధన పెట్టింది.

చిన్న చేపల్ని ఒక్కొక్కటీ కోసి శుభ్రం చేయాలంటే కూలి ఖర్చు ఆకాశానికి పోతుంది. చవక అన్న మాటే అక్కడితో ఆగిపోతుంది. సెనేటర్ డగ్లస్ లాంటి వాళ్లకు ఒళ్లు మండింది. సార్డీన్లను పేగులతో సహా తింటున్నాం, ఆయిస్టర్లను మొత్తంగా మింగుతున్నాం, మరి ఈ పొడికి మాత్రం ఈ మడి ఏమిటని వాళ్ల పక్షం వాదించింది. చేపల వ్యవహారాలు చూసే హోం వ్యవహారాల శాఖ, శాస్త్రవేత్తల సంస్థ అయిన నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌ను అడిగితే, ఆ కమిటీ మొత్తం హేక్ చేపతో చేసిన పొడి సురక్షితమే అని చెప్పింది.

ఇందులో పరువుకు సంబంధించిన చిక్కు కూడా ఉంది. సొంత పౌరులు తినడానికి పనికిరాదని చట్టం చెబుతున్న సరుకును పేద దేశాలకు సాయంగా ఎలా పంపుతారు? పుచ్చుకునే దేశాలు అడిగిన ప్రశ్న ఇదే. దానికి ఏ రాయబారి దగ్గరా సరైన జవాబు ఉండదు. అందుకే అమెరికాలో ఎవరూ ఆ పొడిని కొనరని తెలిసినా, అమెరికా అనుమతి మాత్రం తప్పనిసరి అయింది.

1966 చట్టం ఏం చెప్పింది?

1966 నవంబర్‌లో ఫిష్ ప్రొటీన్ కాన్సన్‌ట్రేట్ చట్టం వచ్చింది. పొడిని పారిశ్రామిక స్థాయిలో, గిట్టుబాటు ఖర్చుతో తయారుచేయొచ్చని చూపించడానికి ప్రయోగాత్మక ప్లాంటు పెట్టే అధికారాన్ని హోం వ్యవహారాల శాఖకు ఇచ్చింది. (అమెరికాలో ఈ శాఖ చూసేది పోలీసుల్ని కాదు, భూములు, నీళ్లు, చేపల్ని. అప్పటి కార్యదర్శి స్టువర్ట్ యుడాల్.) ఆ శాఖ కింద ఉన్న వాణిజ్య చేపల బ్యూరో మేరీలాండ్‌లోని కాలేజ్ పార్క్ ల్యాబ్‌లో అప్పటికే పద్ధతిని తేల్చి పెట్టింది. ప్లాంటు కట్టడానికి చట్టం మొదట పది లక్షల డాలర్ల పరిమితి పెట్టింది. అది చాలదని రెండేళ్లలోనే తెలిసొచ్చింది, పరిమితి పెంచారు.

1967లో అనుమతి వచ్చింది కదా. ఆ తర్వాతైనా బండి కదలాలి కదా?

1967 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ మెత్తబడింది. హేక్, దాన్ని పోలిన చేపలతో మొత్తంగా చేసిన పొడికి సరే అంది. అయితే ఆ సరేకు షరతులు కట్టింది. పొడిని ఒక పౌండ్ (సుమారు 450 గ్రాములు) మించని ప్యాకెట్లలోనే అమ్మాలి. ఫ్లోరైడ్ పది లక్షల పాళ్లలో 100 పాళ్లు మించకూడదు. సాల్వెంట్ అవశేషాలకూ పరిమితులున్నాయి.

పౌండ్ ప్యాకెట్ అంటే ఏమిటో ఆలోచించండి. ఈ పొడిని ఇంట్లో చెంచాతో కలుపుకునేవాళ్లు ఎవరూ ఉండరు. దీన్ని కొనాల్సింది బేకరీలు, పిండి మిల్లులు, నూడుల్స్ చేసే ఫ్యాక్టరీలు. వాటికి కావాల్సింది బస్తాలు. ఎవరికీ తెలియకుండా రొట్టెలో కలిపేస్తారన్న భయంతో పెట్టిన షరతు, పొడి అసలు వాడకానికే తలుపు మూసేసింది. దేశంలో కొనేవాడు లేనప్పుడు ఫ్యాక్టరీ పెట్టే ప్రైవేటు పెట్టుబడిదారు ఎక్కడి నుంచి వస్తాడు?

ఫ్లోరైడ్ షరతుదీ ఇదే తీరు. చేప ఎముకల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. ఎముకలతో పాటు నలగ్గొడితే పరిమితి దాటిపోతుంది. అందుకని ముందే ఎముకలు వేరుచేసే దశ ఒకటి కలపాలి. మొత్తం చేప అన్న అసలు సూత్రం అక్కడ సగం చచ్చిపోయింది.

ఆ ప్లాంటు సంగతి ఏమైంది?

వాషింగ్టన్ రాష్ట్రంలోని ఆబర్డీన్‌లో కట్టారు. రోజుకు 50 టన్నుల పచ్చి చేపను నడపాలన్న అంచనాతో పెట్టిన ప్లాంటు అది. పసిఫిక్ హేక్‌తో పని. ఈ చేపకు ఒక దురలవాటు ఉంది: పట్టిన కాసేపటికే కండరం మెత్తబడి ముద్దైపోతుంది, అందులో ఉండే ఒక పరాన్నజీవి వల్ల. చల్లగా ఉంచకపోతే ఒడ్డుకు చేరేసరికే నాణ్యత పోతుంది. పైగా హేక్ అన్ని నెలల్లో దొరకదు. ఫ్యాక్టరీ జీతాలు మాత్రం అన్ని నెలలూ ఇవ్వాలి.

ప్లాంటు నడక మొదలయ్యేసరికి 1971 వచ్చింది. అప్పటికి చేపల బ్యూరో కూడా మారిపోయింది, సముద్రాలు, వాతావరణం చూసేందుకు 1970లో కొత్తగా పుట్టిన నోవా అనే సంస్థలో కలిసింది. ప్రభుత్వం మారింది, వియత్నాం యుద్ధం ఖర్చులు ఒకవైపు, ప్రొటీన్ సంక్షోభం అన్న మాట మీద సందేహాలు ఇంకోవైపు. 1972లో డబ్బు ఆగింది, ప్లాంటు ఆగింది.

విదేశీ సాయం కింద పొడి ఎక్కడికైనా వెళ్లిందా?

వెళ్లాలని ఆర్డర్ ఇచ్చారు. అమెరికా అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ యూఎస్ఎయిడ్ చిలీ కోసం 900 టన్నులకు పైగా కొనడానికి న్యూ బెడ్‌ఫర్డ్‌లోని ఒక ప్లాంటుతో ఒప్పందం చేసుకుంది. నాణ్యత నిబంధనలు అందుకోలేక, అనుకున్న దాంట్లో చిన్న భాగమే అందింది, ఒప్పందం మధ్యలోనే ఆగిపోయింది. ల్యాబ్‌లో గ్రాముల్లో బాగా వచ్చిన సరుకు టన్నుల్లో అలాగే రాలేదు. ఇది చేప పొడికి మాత్రమే వచ్చే కష్టం కాదు, అయినా కొనుగోలుదారు ఒక్కడే ఉన్న వ్యాపారంలో మొదటి ఆర్డరే తప్పితే రెండో ఆర్డర్ రాదు.

తిన్నవాళ్లు ఏమన్నారు?

"రుచి లేదు" అన్నది ఈ పొడికి తయారీదారులు ఇచ్చిన పొగడ్త. తినేవాడి వైపు నుంచి చూస్తే అది తిట్టు.

కొంచెం సాంకేతికంగా చెప్పాలంటే, వేడి సాల్వెంట్‌లో ప్రొటీన్ తన సహజ ఆకారం కోల్పోతుంది. అప్పుడు నీళ్లలో కరగదు, నురగ కట్టదు, పిండిని పట్టి ఉంచదు. నోట్లో సన్నని ఇసుకలా తగులుతుంది. ఎక్కువ కలిపితే రొట్టె పొంగదు, రంగు మాసినట్టవుతుంది. పోనీ, నిలవ ఉంచితే కొన్ని బ్యాచ్‌లలో చేప వాసన తిరిగి వచ్చేది. పాలపొడి నీళ్లలో వేస్తే పాలవుతుంది. ఈ పొడి నీళ్లలో వేస్తే అడుగున పేరుకుంటుంది. దాంతో ఏం చేసుకోవాలో ఏ తల్లికైనా ఎవరు చెబుతారు?

ఇంకోవైపు సోయా పిండి ఉండనే ఉంది. సగం ప్రొటీనే అయినా చవక, దాంతో ఏం చేయాలో మిల్లులకు తెలుసు. 1966 నుంచి అమెరికా తిండి సాయంలో మొక్కజొన్న, సోయా, పాలపొడి కలిపిన సీఎస్ఎం పిండి కూడా వచ్చి చేరింది. అంతకుముందే మధ్య అమెరికాలో పత్తిగింజల పిండితో ఇన్‌కపారినా అనే మిశ్రమం తయారైంది. ఇన్ని చవక దారులున్నప్పుడు సాల్వెంట్ ఫ్యాక్టరీ దారి ఎవరికి కావాలి?

ఆకలికి అసలు కారణం ప్రొటీన్ కొరతే అన్న లెక్క తప్పా?

పూర్తిగా తప్పు కాదు, కానీ అతి చేశారు. మొత్తం పథకం కాళ్ల కింద భూమి కదిలింది ఇక్కడే.

ఎఫ్ఏఓలో గణాంకాల విభాగాన్ని చూసిన పి.వి. సుఖాత్మె, కొరత ముందు కేలరీలదని వాదించారు. ఒంటికి చాలినంత శక్తి అందకపోతే శరీరం తిన్న ప్రొటీన్‌నే పొయ్యిలో కట్టెలా కాల్చేస్తుంది. అలాంటి పిల్లకు ఇంకా ప్రొటీన్ పెడితే ఖరీదైన కట్టె పెట్టినట్టే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్ బృందం దీన్ని నేరుగా పరీక్షించింది. తిండి చాలని చిన్నపిల్లలకు గోధుమపిండి, చక్కెర, నూనెలతో చేసిన, రోజుకు 310 కేలరీలూ కేవలం 3 గ్రాముల ప్రొటీనూ ఉండే అదనపు తిండి ఇచ్చారు. పిల్లలు ఎత్తూ బరువూ పెరిగారు. 1973లో వెలువడిన ఈ ఫలితం అర్థం సూటిగానే ఉంది: వాళ్ల మామూలు తిండిలో ప్రొటీన్ దాదాపు సరిపోతోంది, సరిపోనిది తిండే.

అదే ఏడాది ఎఫ్ఏఓ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణుల కమిటీ మనిషికి కావలసిన ప్రొటీన్ లెక్కను కిందికి దించింది. కాగితం మీద ఉన్న ప్రొటీన్ కొరతలో పెద్ద భాగం ఆ ఒక్క సవరణతో మాయమైంది. 1974లో డొనాల్డ్ మెక్‌లారెన్ లాన్సెట్ పత్రికలో ఈ మొత్తం ఉద్యమాన్ని ప్రొటీన్ పేరిట జరిగిన ఘోర వైఫల్యంగా తేల్చేశాడు.

ఒక్కటి గమనించండి. ఎఫ్‌పీసీలో కావాలని తీసేసింది కొవ్వును, అంటే కేలరీలను.

అంటే చేపల ప్రొటీన్ ఆకలికి పనికిరాదనా?

కాదు. చేపను పొడిగా చేసే క్రమంలో పారేసిన వాటిలోనే చాలా మేలు ఉందని.

శకుంతలా హరక్‌సింగ్ థిల్‌స్టెడ్ అనే పోషకాహార శాస్త్రవేత్త బంగ్లాదేశ్‌లో చిన్న చేపల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 2021లో ఆమెకు వరల్డ్ ఫుడ్ ప్రైజ్ వచ్చింది. అక్కడి చెరువుల్లో మోలా అనే వేలెడంత చేప దొరుకుతుంది. దాన్ని తలతో, ఎముకతో మొత్తంగా తింటారు. ఆ చేపలో విటమిన్ ఏ విపరీతంగా ఉంటుంది, అదీ ఎక్కువగా కళ్లలో, పేగుల భాగంలో. తల కోసి పారేస్తే, పేగులు తీసేస్తే ఆ విటమిన్ పోయినట్టే. ఐరన్, జింక్, కాల్షియం కూడా ఈ చిన్న చేపల్లో బాగా దొరుకుతాయి.

1962లో ఎఫ్‌డీఏ మలినం అన్నది ఈ తలల్నీ పేగుల్నే. మొత్తం చేప కావాలని పోరాడిన అవతలి పక్షం కూడా ఆ తర్వాత సాల్వెంట్‌తో కొవ్వును కడిగేసి, కొవ్వులో కరిగే విటమిన్ ఏని కూడా అదే నీళ్లలో పోసింది. ఇద్దరూ ప్రొటీన్ ఒక్కదాన్నే చూశారు.

థిల్‌స్టెడ్ బృందాలు ఇప్పుడు తయారుచేసేదీ ఒక రకంగా చేప పొడే. కానీ సాల్వెంట్ లేదు, ఎండబెట్టి దంచినది. గర్భిణులకు, ఆరు నెలలు దాటిన పిల్లలకు మామూలు తిండిలో కలిపి పెడతారు. వాసన ఉంటుంది. చేప తినే ఇంట్లో చేప వాసన తప్పెలా అవుతుంది?

సముద్రంలో వృథాగా పోయే చేపలు బోలెడు ఉన్నాయి కదా? అవి వాడితే చాలదా?

1960ల్లో కూడా ఇలాగే అన్నారు. పెరూ తీరంలోని ఆంకోవెటా అనే చిన్న చేప కథ వింటే ఆ ధీమా తగ్గుతుంది. ప్రపంచంలోనే అతి పెద్ద చేపల వేట అది. 1970లో కోటీ 20 లక్షల టన్నులకు పైగా పట్టారు. దాదాపు అంతా ఫిష్‌మీల్‌గా మారి ధనిక దేశాల కోళ్లకూ పందులకూ వెళ్లింది. రెండేళ్లలో ఎల్‌నినో వచ్చింది, మితిమీరిన వేటా తోడైంది, పట్టుబడి కుప్పకూలింది. "ఎవరూ తినని చేప" అన్నది ఎప్పటికీ తరగని చేప కాదు.

ఇప్పటి లెక్క చూద్దాం. ఎఫ్ఏఓ ప్రకారం 2022లో చేపలు, రొయ్యల్లాంటి నీటి జీవుల ఉత్పత్తిలో పెంపకం వాటా మొదటిసారి వేటను దాటింది, 51 శాతానికి చేరింది. ఇది మంచి వార్తే. కానీ పెంచే చేపల్లో చాలావాటికి వేసే మేతలో మళ్లీ సముద్రపు చేపే ఉంటుంది. మనుషుల తిండికి కాకుండా మళ్లిన సుమారు 2 కోట్ల టన్నుల్లో ఎక్కువ భాగం ఫిష్‌మీల్, చేప నూనెలకే పోయింది. పశ్చిమ ఆఫ్రికాలో మౌరిటానియా, సెనెగల్, గాంబియా తీరాల్లో ఇది కళ్లకు కనిపిస్తుంది. అక్కడి పేదల ప్రధాన చేప అయిన సార్డినెల్లా ఫిష్‌మీల్ ఫ్యాక్టరీలకు వెళ్తోంది, ఎండబెట్టి అమ్ముకునే ఆడవాళ్లకు సరుకు దొరకడం లేదు.

ప్రొటీన్ కొరతను తీర్చే పేరుతో ప్రొటీన్ పేదల దగ్గర్నుంచి పోతోందంటే వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది, కానీ జరుగుతున్నది అదే.

క్రిల్ సంగతి?

అంటార్కిటికా చుట్టూ ఉండే చిన్న రొయ్యల్లాంటి జీవి. 1970ల్లో సోవియట్ ప్రభుత్వం దీని మీద గట్టిగా ఖర్చు పెట్టింది, "ఒకియాన్" పేరుతో క్రిల్ పేస్టును దుకాణాల్లో పెట్టింది. దీని పెంకులో ఫ్లోరైడ్ ఎక్కువ, చచ్చిన గంటల్లో పాడైపోతుంది. ఈ రోజు క్రిల్ ప్రధానంగా చేపల మేతకూ, నూనె గుళికలకూ వెళ్తోంది. ఆకలిగొన్న వాళ్ల పళ్లెంలోకి చేరలేదు.

చేప అలర్జీ ఉన్నవాళ్లకు ఈ పొడి ఫర్వాలేదా?

ఫర్వా ఉంది. అలర్జీ తెచ్చేది చేపలోని ప్రొటీనే, పొడిలో ఉన్నదీ అదే. పిండిలో కలిపినప్పుడు ప్యాకెట్ మీద తప్పక రాయాలి. చేప ముట్టనివాళ్ల కోసం కూడా.

మరి పోషకాహార సాయంలో నిలదొక్కుకున్నది ఏది? దాని నుంచి ఏం తెలుస్తుంది?

1996లో ఫ్రాన్స్‌లో ఆంద్రె బ్రియాండ్, మిషెల్ లెస్కాన్ కలిసి ప్లంపీనట్ అనే పేస్టు తయారుచేశారు. వేరుశనగ ముద్ద, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు, ఖనిజాలు, అంతే. తీవ్రంగా బక్కచిక్కిన పిల్లలకు ఇంట్లోనే వైద్యం చేయడానికి ఇప్పుడు ప్రపంచమంతా ఈ రకం పేస్టే వాడుతోంది. దీన్ని ఎఫ్‌పీసీ పక్కన పెట్టి చూడండి. ఇందులో నూనె నిండుగా ఉంది, కాబట్టి శక్తి ఉంది. నీళ్లు కలపక్కర్లేదు, కాబట్టి మురికినీళ్ల భయం లేదు. వండక్కర్లేదు. అన్నిటికీ మించి తియ్యగా ఉంటుంది, పిల్ల ప్యాకెట్ చింపి తనే నాకేస్తుంది. దీన్ని ఏదో పిండిలో కలిపి మరుగుపరచాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు ప్రభుత్వం డబ్బు పెట్టాలంటే దేనికి పెట్టాలి?

ముందు దేనికి పెడుతోందో చూడాలి. చేపల రంగానికి ప్రభుత్వాలు ఏటా ఇచ్చే సబ్సిడీలను 2018కి లెక్కగట్టిన పరిశోధకులు 3,500 కోట్ల డాలర్ల దాకా తేల్చారు. అందులో సగానికి మించి డీజిల్, కొత్త పడవలు, ఇంజన్ల లాంటి వేట బలం పెంచే వాటికే. ప్రపంచ వాణిజ్య సంస్థలో దీని మీద ఒప్పందం 2022 జూన్‌లో కుదిరింది, 2025 సెప్టెంబర్‌లో అమల్లోకి వచ్చింది. అది దొంగవేటకూ, ఇప్పటికే అడుగంటిన చేపల వేటకూ ఇచ్చే సబ్సిడీలను ఆపమంటుంది. ఇంజన్ సబ్సిడీల మీద పోరు ఇంకా మిగిలే ఉంది.

ఎఫ్ఏఓ, ఇతర ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్కలో 2024లో ఆకలితో ఉన్నవాళ్లు సుమారు 67 కోట్ల మంది. వాళ్లలో చాలామంది చెరువుకో, నదికో, సముద్రానికో దగ్గర్లోనే బతుకుతున్నారు. అక్కడ చేప లేకపోవడం కంటే, పట్టిన చేప పాడైపోవడం పెద్ద సమస్య. ఐస్, ఎండబెట్టే శుభ్రమైన అరుగులు, పొగ తక్కువ వచ్చే పొయ్యిలు, సంతకు రోడ్డు. వీటికి శంకుస్థాపన ఫొటోలు అంతగా రావు. సాల్వెంట్ ప్లాంటు ముందు రిబ్బన్ కత్తిరిస్తే వస్తాయి.

పరిశోధనకు వద్దా అంటే, కావాలి. ఎంజైములతో చేప ప్రొటీన్‌ను ముక్కలు చేసే హైడ్రోలైజేట్ పద్ధతి ఇప్పుడు బాగా ముదిరింది, అందులో పొడి నీళ్లలో కరుగుతుంది. చేప నుంచి ముల్లు లేని కండను కోసి తీసే ఫిల్లెట్ ఫ్యాక్టరీల్లో మిగిలే తలలూ వెన్నెముకలూ దానికి సరిపోతాయి, కొత్తగా ఒక్క చేప కూడా పట్టక్కర్లేదు. ఇబ్బంది ఏమిటంటే చేదు, ఇంకా ఖర్చు. ప్రస్తుతానికి ఆ సరుకు వెళ్తున్నది ఎక్కువగా పెంపుడు జంతువుల ఆహారానికీ, వ్యాయామం చేసేవాళ్లు కొనుక్కునే డబ్బాల్లోకీ.

ఆబర్డీన్ లాంటి ప్లాంటు మళ్లీ పెడతామని ఎవరైనా అంటే ఏం అడగాలి?

మొదటి బస్తా ఎవరు కొంటారు, రెండోది ఎవరు కొంటారు. మొదటిది ప్రభుత్వం కొంటుందని ఎవరైనా చెబుతారు. రెండోదాని గురించి అడిగినప్పుడు వాళ్లు ల్యాబ్ రిపోర్టు తీస్తే, ప్రొటీన్ శాతం చూడకుండా ఇంకోటి అడగండి: ఇది తిన్న పిల్లలు మర్నాడు మళ్లీ అడిగారా?